మనసు పెట్టి పని చెయ్యమంటున్నారు: ధమ్మం ఏమంటుంది?

 



"పనే దైవం" అనే బోర్డు మీరు చూసే ఉంటారు. బ్యాంకులో ఉంటుంది, కరెంటాఫీసులో ఉంటుంది, ఫ్యాక్టరీ గేటు లోపల రంగు పెయింటుతో పెద్దక్షరాల్లో ఉంటుంది. ఇప్పుడు దానికి తోడు మోటివేషన్ క్లాసులు వచ్చాయి. కోటు వేసుకున్న ఒకాయన మైకు పట్టుకుని, జీతం గురించి ఆలోచించకండి, పనిని ప్రేమించండి, సంస్థను మీ ఇల్లు అనుకోండి అంటాడు. విన్నవాళ్ళు చప్పట్లు కొడతారు. బయటికొచ్చి టీ తాగుతూ మనవాడొకడు మెల్లగా అంటాడు: "ఎంత చేసినా అంతే, చెయ్యకపోయినా అంతే. మా తాత కంబారితనం చేసినాడు, మా అయ్య చేసినాడు. మనసు పెట్టే చేసినారు. ఎవలు మెచ్చుకున్నారు?"

ఈ మాటకి జవాబు చెప్పకుండా పంచశీలం, అష్టాంగ మార్గం గురించి ఎంత మాట్లాడినా గాలిలో మాట్లాడినట్టే. ఎందుకంటే అష్టాంగ మార్గంలో రెండు అంగాలు నేరుగా పని గురించే ఉన్నాయి. ఒకటి సమ్మా ఆజీవ, అంటే సరైన బతుకుతెరువు. రెండోది సమ్మా వాయామ, సరైన ప్రయత్నం. 22 ప్రతిజ్ఞల్లో ఈ మార్గాన్ని అనుసరిస్తామని మాట ఇచ్చాం. మరి మనకి న్యాయం చెయ్యని చోట కూడా మనసు పెట్టి పని చెయ్యాలా? అది ధమ్మమా, లేకపోతే పాత కంబారితనమే కొత్త పేరుతో వచ్చిందా?

ముందు ఆ బోర్డు సంగతి చూద్దాం. పనే దైవం అన్నప్పుడు పనిచేసేవాడు భక్తుడవుతాడు. భక్తుడు జీతం అడగడు, సెలవు అడగడు, ఈ పని నాకెందుకు వచ్చింది అని అసలే అడగడు. దేవుణ్ణి నమ్మని మార్గంలో నడుస్తున్నవాళ్ళం మనం. పనిని దేవుణ్ణి చేసి దండం పెట్టే అవసరం మనకి లేదు. అలాగని పనిని తేలిక చెయ్యమనీ కాదు. దైవం అనగానే ప్రశ్న ఆగిపోతుంది. ధమ్మంలో ప్రశ్న ఆగకూడదు.

మనసు పని మీద ఎందుకు నిలవదు? ఈ ప్రశ్న మేనేజ్‌మెంటు పుస్తకాల వాళ్ళు ఇప్పుడు అడుగుతున్నారు గానీ, బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో అడిగి జవాబు రాసిపెట్టారు. కులం పనిని విభజించే ఏర్పాటు అని సమర్థించేవాళ్ళకి ఆయన ఇచ్చిన సమాధానం మనందరికీ తెలుసు: అది పనిని కాదు, పనిచేసే మనుషులని విడగొట్టి ఒకరి మీద ఒకరిని పేర్చింది. అక్కడితో చాలామంది ఆపేస్తారు. ఆయన ఆపలేదు. ఆ తరవాత చెప్పింది ఆర్థికశాస్త్రం. మనిషి ఇష్టాన్నీ సామర్థ్యాన్నీ చూడకుండా పుట్టుకని బట్టి పని అంటగడితే, ఆ పని మీద అతనికి అసహ్యం పుడుతుంది. తప్పించుకోవాలనే కోరిక పుడుతుంది. పైగా కొన్ని పనులు చేసినందుకు సమాజం అతన్ని నీచంగా చూస్తుంది. చెయ్యీ బుద్ధీ మనసూ మూడూ పనిలో లేనిచోట సామర్థ్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? కాబట్టి ఆర్థికంగా చూసినా కులం హానికరమే అని ఆయన తేల్చారు.

ఇది చదివాక మన ఊళ్ళ సంగతి ఆలోచించండి. "వీళ్ళు పనిదొంగలు" అనే మాట ఎవరు ఎవరిని అన్నారు? గట్టు మీద నిలబడినవాడు బురదలో దిగినవాణ్ణి అన్నాడు. వెట్టిచాకిరీ చేసినవాడు ఒక్క పూట కూర్చుంటే సోమరి అయ్యాడు. కూర్చుని తిన్నవాణ్ణి ఎవరూ ఆ మాట అనలేదు. సోమరితనం అనేది గుణం పేరు కాకుండా కులం పేరులాగ మారిపోయింది. అందుకే ఈ రోజు ఆఫీసులో ఎవరైనా "మీ కోటావాళ్ళు పని చెయ్యరు" అంటే మనకి ఒళ్ళు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే.

అయితే బాబాసాహెబ్ చెప్పింది కొత్త పరిస్థితికి కూడా వర్తిస్తుంది. ఆయన బొంబాయి బట్టల మిల్లుల గురించి పదేపదే ఎత్తి చూపిన విషయం ఒకటుంది. నేత విభాగంలో జీతం ఎక్కువ. అక్కడ దారాన్ని నోటితో పీల్చి నాడెలోకి ఎక్కించాలి. అంటరానివాడి నోరు తగిలిన నాడెని మిగతా కార్మికులు ముట్టరు. అందుకని మనవాళ్ళకి ఆ విభాగంలో చోటే లేదు. మిల్లు కొత్తది, మరమగ్గం కొత్తది, కులం మాత్రం పాతది. కార్మికులంతా ఒక్కటే అని చెప్పే సంఘాలు కూడా దీని మీద గొంతెత్తలేదని ఆయన బాధ. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన ఇద్దరు శత్రువులని చూపించారు: బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీవిధానం. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని మరచిపోతే పని జరగదు.

ఇప్పుడు బుద్ధుడి దగ్గరకి వద్దాం.

సిగాలోవాద సుత్తం గృహస్థుల కోసం చెప్పింది. తండ్రీ కొడుకులు, గురువూ శిష్యుడూ, భార్యా భర్తలు, స్నేహితులు, ఇలా ఒక్కో జంటకీ ఒకరి పట్ల ఒకరికి ఉండే బాధ్యతలు అందులో ఉంటాయి. యజమానీ పనివాళ్ళూ ఒక జంట. యజమాని అయిదు పనులు చెయ్యాలి. శక్తికి తగ్గ పని అప్పగించాలి. తిండీ జీతమూ ఇవ్వాలి. జబ్బు చేస్తే చూసుకోవాలి. మంచి పదార్థం వస్తే పంచుకోవాలి. వేళకి సెలవివ్వాలి. పనివాళ్ళూ అయిదు చెయ్యాలి. యజమాని కంటే ముందు లేవాలి, తరవాత పడుకోవాలి, ఇచ్చిందే తీసుకోవాలి, పని బాగా చెయ్యాలి, అతని గురించి నలుగురిలో మంచి చెప్పాలి.

మోటివేషన్ క్లాసు ఆయన చెప్పేది ఈ రెండో అయిదే. కానీ సుత్తంలో వరస గమనించండి. ముందు యజమాని అయిదూ వస్తాయి. అలా చూసుకోబడిన పనివాళ్ళు తిరిగి ఈ అయిదూ చేస్తారు. మొదటి అడుగు డబ్బూ అధికారమూ ఉన్నవాడిది. కూటదంత సుత్తంలో కూడా ఇదే వరస. రాజ్యంలో దొంగతనాలు పెరిగితే శిక్షలతో ఆగవు, సేద్యం చేసేవాడికి విత్తనాలివ్వు, వ్యాపారికి పెట్టుబడివ్వు, కొలువు చేసేవాడికి తిండీ జీతమూ ఇవ్వు, అప్పుడు ఎవరి పనిలో వాళ్ళుంటారు అని రాజుకి పురోహితుడు సలహా ఇస్తాడు. పనిలో ఉత్సాహం కావాలంటే ముందు పనికి తగిన బతుకు ఉండాలి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సిగాలోవాదంలో పనివాళ్ళకి వాడిన పాళీ మాట దాస కమ్మకర. అందులో దాసులు కూడా ఉన్నారు. ఆ కాలపు సమాజం అది. రెండున్నర వేల ఏళ్ళ నాటి యజమాని ఇంటి బొమ్మని తెచ్చి ఈనాటి కంపెనీ మీద అతికిస్తే కుదరదు. ముందు లేచి తరవాత పడుకోవాలి అనేదాన్ని ఇప్పుడు పన్నెండు గంటల డ్యూటీకి సాక్ష్యంగా చూపించే తెలివైనవాళ్ళు కూడా ఉంటారు. బుద్ధుడు చెప్పాడు కదా అని కళ్ళు మూసుకుని ఒప్పుకోకండి, పరీక్షించి తీసుకోండి అని బుద్ధుడే అన్నాడు. ఇందులో తీసుకోవాల్సింది పరస్పరత. ఒకవైపే నడిచే విధేయత ధమ్మంలో లేదు.

బాబాసాహెబ్ ఆ పరస్పరతని సుత్తంలో వదిలెయ్యలేదు, చట్టం దాకా తీసుకెళ్ళారు. 1942 జూలై నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ సభ్యుడు. ఆ కాలంలోనే ఫ్యాక్టరీలో పని వారానికి 54 గంటల నుంచి 48 గంటలకి తగ్గింది. జీతంతో కూడిన సెలవులు చట్టంలోకి వచ్చాయి. కార్మికుడికి జబ్బు చేస్తే వైద్యం, జీతం రావడానికి బీమా పథకం తయారైంది, అదే 1948లో ఇ.ఎస్.ఐ. చట్టమైంది. శక్తికి తగ్గ పని, వేళకి సెలవు, జబ్బులో ఆదరణ. పక్కన పెట్టి చూడండి, సుత్తంలోని మాటలే. తేడా ఏమిటంటే, సుత్తంలో అవి యజమాని మంచితనం మీద ఆధారపడ్డాయి, చట్టంలో కార్మికుడి హక్కు అయ్యాయి.

మరి ఆ హక్కులు అందని చోట ఏం జరుగుతుందో మన జిల్లాలవాళ్ళకి వేరే చెప్పాలా? శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూలికి పోయినవాళ్ళకి హైదరాబాదులో, చెన్నైలో ఒక పేరుంది. గట్టిగా పని చేస్తారు, ఎక్కువ మాట్లాడరు అని. మేస్త్రీలు అందుకే వెతుక్కుంటూ వస్తారు, అడ్వాన్సు ఇచ్చి తీసుకెళతారు. 2014 జూన్ 28 సాయంత్రం చెన్నై పోరూరు దగ్గర మౌళివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలిపోయింది. 61 మంది చనిపోయారు. అందులో మన రెండు జిల్లాల వాళ్ళు చాలామంది. భార్యాభర్తలు కలిసి వెళ్ళినవాళ్ళున్నారు. కట్టడంలోనే లోపాలున్నాయని తరవాత తేలింది. పక్కన మిగిలిన రెండో టవర్ని 2016లో ప్రభుత్వమే పేల్చి పడగొట్టింది. వలస కార్మికుల కోసం 1979లోనే కేంద్రం చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం ఎవరు ఎక్కడికి వెళ్ళారో కాంట్రాక్టరు లెక్క రాయాల్సి ఉండేది, పాసు పుస్తకం ఇవ్వాల్సి ఉండేది. ఆ పుస్తకం చేతిలో ఉన్న కూలీని మీరెంతమందిని చూశారు?

వాళ్ళకి ఏ మోటివేషన్ క్లాసు చెప్తాం? పలాస జీడి పరిశ్రమలో పిక్క కొట్టే ఆడవాళ్ళకి ఏం చెప్తాం? జీడి నూనె అంటితే చర్మం కాలుతుంది, వేళ్ళు నల్లగా మాడిపోతాయి. ఎంత పని చేస్తే అంత కూలి గనక ఎవరూ ఆగమని చెప్పకపోతే వాళ్ళు ఆగరు. అక్కడ తక్కువైంది పని మీద ప్రేమ కాదు.

సోణుడి కథ ఇలాంటి చోట గుర్తుకొస్తుంది. చంపానగరానికి చెందిన ధనవంతుల బిడ్డ. భిక్షువై పాదాలు చిట్లి రక్తం కారేదాకా నడుస్తూ సాధన చేశాడు. ఫలితం రాలేదు, ఇంటికి పోదామనుకున్నాడు. బుద్ధుడు వచ్చి అడిగాడు: నువ్వు వీణ వాయించేవాడివి కదా, తీగ బాగా బిగిస్తే పలికేదా? లేదు. బాగా వదులు చేస్తే? పలకదు. ప్రయత్నం కూడా అంతే అన్నాడు. ఈ కథని మనం ఎప్పుడూ వదులు తీగ గురించే, సోమరుల గురించే చెప్పుకుంటాం. సోణుడి తీగ బిగుసుకుపోయినది. మన కూలీల తీగా అంతే. ఆ తీగని బిగించినవాడు ఇంకొకడు.

నెల్లిమర్ల మండలంలో రామతీర్థం ఉంది. అక్కడ గురుభక్తుల కొండ మీద ఇటుకలతో కట్టిన బౌద్ధారామం శిథిలాలు మీలో చాలామంది చూసే ఉంటారు. అదే నెల్లిమర్లలో జూట్ మిల్లు. గోగునార పండే నేల మనది, గోనె సంచి కుట్టే చేతులు మనవి. దుమ్ములో, మోతలో, షిఫ్టుల మీద తరాలు గడిచిపోయాయి. మన ప్రాంతపు జూట్ మిల్లుల్లో పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేసరికి గేటుకి లాకౌట్ నోటీసు అంటించి ఉండడం కొత్తేమీ కాదు. 1994లో నెల్లిమర్లలో కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగి కార్మికులే చనిపోయారు. యాజమాన్యాలు ప్లాస్టిక్ సంచుల పోటీ గురించి చెప్తాయి. క్రమశిక్షణ గురించి చెప్తాయి. కొంత నిజం ఉండొచ్చు. కానీ రేపు గేటు తెరిచి ఉంటుందో లేదో తెలియని మనిషిని సంస్థని సొంత ఇల్లు అనుకో అనడం ఎలా? సొంత ఇంటికి లోపలినుంచి గడియ వేసుకుంటాం. బయటినుంచి ఎవరో తాళం వెయ్యరు.

ఇంతవరకూ చెప్పినదంతా యజమాని వైపు బాకీ. ఇక రెండో పక్కకి వస్తున్నాను. ఇది కాస్త చేదుగా ఉంటుంది.

మనలో చాలామందిమి ఇప్పుడు గట్టు మీద ఉన్నాం. టీచర్లం, గుమాస్తాలం, సచివాలయం ఉద్యోగులం, నర్సులం, కండక్టర్లం, రైల్వేలో ఉన్నాం, బ్యాంకులో ఉన్నాం. బాబాసాహెబ్ రాజ్యాంగంలో సాధించిన హక్కు వల్ల ఆ కుర్చీ వచ్చింది. కుర్చీకి అవతల నిలబడేది ఎవరు? పాలకొండ అవతలి కొండ ఊరి నుంచి బస్సెక్కి పింఛను గురించి అడగడానికి వచ్చిన ముసలావిడ. కులం సర్టిఫికెట్ కోసం కూలి మానుకుని వచ్చిన తండ్రి. "రేపు రా" అన్న ఒక్క మాట ఖరీదు అతనికి ఒక రోజు కూలీ, రెండు బస్సు టికెట్లు. పై ఆఫీసరు మనల్ని అవమానించాడు గనక మనం పని చెయ్యం అనుకుంటే, ఆ ఆఫీసరుకి తగిలే దెబ్బ ఏమీ లేదు. దెబ్బ ఆ ముసలావిడకి తగులుతుంది. బడిలో పాఠం చెప్పకపోతే నష్టపోయేది కాన్వెంటుకి పోయే పిల్లలు కాదు, మన పేటల పిల్లలే. 1956 మార్చిలో ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్ళు తనని మోసం చేశారని కన్నీళ్ళు పెట్టుకున్న సంగతి మన సభల్లో ఎప్పుడూ చెప్పుకుంటాం. చెప్పుకున్న మర్నాడు పదకొండు గంటలకి ఆఫీసుకి వెళతాం.

అన్యాయం చేసే సంస్థలో పని తగ్గించడం కూడా ఒక నిరసనే కదా అని కొందరు వాదిస్తారు. ఈ వాదాన్ని కొట్టిపారెయ్యకుండా చూడాలి. పని ఆపడం తప్పు కాదు. 1938 నవంబరు 7న బొంబాయిలో పారిశ్రామిక వివాదాల బిల్లుకి వ్యతిరేకంగా జరిగిన సమ్మెలో బాబాసాహెబ్, ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ కమ్యూనిస్టులతో కలిసి ముందు నిలబడ్డారు. సమ్మె చేసే హక్కు లేకపోతే కార్మికుడు బానిస అవుతాడని ఆయన వాదన. అయితే సమ్మెకీ ఎగవేతకీ తేడా ఉంది. సమ్మె చెప్పి చేసేది. నలుగురూ కలిసి, ఎందుకు ఆపుతున్నామో నోటీసిచ్చి, జీతం పోగొట్టుకుని చేసేది. అందులో నిజం మాట్లాడుతున్నాం. ఎగవేత చాటుగా చేసేది. సంతకం పెట్టి వెళ్ళిపోవడం, ఫైలు మీద కూర్చోవడం. జీతం పూర్తిగా తీసుకుంటాం, పని చేసినట్టు నటిస్తాం. పంచశీలంలో రెండు శీలాలు అక్కడే పోతున్నాయి: ఇవ్వనిది తీసుకోకపోవడం, అబద్ధం చెప్పకపోవడం. అదే లెక్కన చూస్తే కూలీ డబ్బు తొక్కిపెట్టిన కాంట్రాక్టరు, పి.ఎఫ్. కోత కోసి కట్టని యజమాని కూడా ఇవ్వనిది తీసుకున్నవాళ్ళే. శీలం కూలీ ఒక్కడికే వర్తించదు.

ఇక మూడో చిక్కు. కొన్ని పనులుంటాయి. వాటిని మనసు పెట్టి చెయ్యమనడమే అన్యాయం. చేతులతో మలం ఎత్తడం, మురుగు గుంతలోకి మనిషి దిగడం. ఈ పనిని పవిత్ర సేవ అని పొగిడినవాళ్ళున్నారు. గాంధీ గారు పొగిడారు. నిస్సహాయుల మీద ఇది క్రూరమైన పరిహాసం అని బాబాసాహెబ్ జవాబిచ్చారు. ఏ పనినుంచి మనిషి బయటపడాలో ఆ పనిలోనే గర్వం నేర్పడం అది. 2013లో ఈ పనిని నిషేధిస్తూ కొత్త చట్టం వచ్చింది. మురుగు గుంతలో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ మొదటి కేసు వేసింది సఫాయి కర్మచారీ ఆందోళన్. దాన్ని నడిపిన బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల దగ్గర అదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ పనిని బాగా చెయ్యడం ఎలా అని ఆయన ఎవరికీ నేర్పలేదు. పొడి మరుగుదొడ్లు కూల్చడం ఎలాగో నేర్పారు.

సునీతుడి కథ కూడా అంతే. రాజగృహంలో వాడిపోయిన పూలూ చెత్తా ఊడ్చేవాడు. బుద్ధుడు ఎదురైతే గోడకి అతుక్కుని నిలబడ్డాడు. బుద్ధుడు అతనితో నీ పని గొప్పది, ఇంకా శ్రద్ధగా ఊడువు అనలేదు. రా అన్నాడు, సంఘంలోకి తీసుకున్నాడు. మరి ఊడ్చే పని నీచమని బుద్ధుడి ఉద్దేశమా? కాదు. విరేచనాలతో పడి ఉన్న భిక్షువుని ఎవరూ చూడకపోతే ఆనందుడితో కలిసి తనే కడిగాడు. రోగికి సేవ చేస్తే నాకు చేసినట్టే అన్నాడు. మురికి కడగడంలో తక్కువతనం లేదు. అది ఒక పుట్టుక నెత్తిన రాసిపెట్టడంలో ఉంది. ఈ రెండు కథలూ కలిపి చదవకపోతే మనకి సగమే అర్థమవుతుంది.

అమరావతి స్తూపానికి దానం చేసినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి. అందులో ఒకడు విధికుడు. చమ్మకార, అంటే తోలు పని చేసేవాడు. కుటుంబంతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలక ఇచ్చాడు. తన వృత్తిని దాచుకోలేదు, రాయి మీద రాయించాడు. తన సంపాదనలోంచి దానం చేసే స్థితిలో ఉన్నాడు. అదే వృత్తి, తరవాతి శతాబ్దాల్లో ఆ పని చేసినవాడి నీడ పడితే మైల అయ్యింది. తోలు మారలేదు, కత్తి మారలేదు.

వ్యగ్ఘపజ్జ గోత్రపు దీఘజాణు అనే గృహస్థు బుద్ధుణ్ణి సూటిగా అడిగాడు: మేం భార్యాబిడ్డలతో సంసారం చేసుకునేవాళ్ళం, ఈ లోకంలో బాగుండడానికి మాకేం చెప్తారు? బుద్ధుడు మొదట చెప్పింది ఉట్ఠాన సంపద. సేద్యమైనా, వ్యాపారమైనా, పశువుల పెంపకమైనా, రాజు కొలువైనా, చేతి పనైనా, అందులో నేర్పు సంపాదించడం, బద్ధకించకపోవడం, ఎలా చెయ్యాలో విచారించడం, ఏర్పాటు చేసుకుని చెయ్యగలగడం. ఇందులో యజమాని ప్రస్తావన లేదు. నేర్పు నీది. దాన్ని ఎవరూ లాకౌట్ చెయ్యలేరు. సిమెంటు మొయ్యడానికి వెళ్ళినవాడు తాపీ పట్టడం నేర్చుకుంటే, ప్లాను చదవడం నేర్చుకుంటే అది అతని సంపద. దాని తరవాత ఆయన చెప్పినవి సంపాదించింది కాపాడుకోవడం, మంచి స్నేహం, ఆదాయానికి తగ్గ ఖర్చు. జీతం రోజు సాయంత్రం సారా దుకాణం దగ్గర మన పేటల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు గనక దాని మీద ఎక్కువ చెప్పను. మంచి స్నేహం అన్నచోట మాత్రం నేను కార్మిక సంఘాన్ని కూడా కలుపుతాను. ఒంటరిగా ఉన్న కూలీకి నీ కూలీ ఇంత అని చెప్పేవాడు కళ్యాణమిత్రుడే.

నేర్పుంటే చాలదని కూడా మన జిల్లాయే చెప్తుంది. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ దవడ పళ్ళ సన్నదనం ఏ యంత్రానికీ రాలేదంటారు. ఆ చేతుల్లో నేర్పుంది, ఓర్పుంది, పని మీద మమకారం ఉంది. అయినా పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. కూలీ గిట్టదు. మనసుకి తిండి పెట్టకుండా మనసు పెట్టమంటే ఎన్ని తరాలు పెడతారు?

చివరగా మన పొరుగునే ఉన్న ఒక రాయి గురించి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళితే గంజాం జిల్లాలో రుషికుల్య నది దగ్గర జౌగడ ఉంది. 1936 దాకా మన శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోనే ఉండేది. అక్కడ కొండరాతి మీద అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో జరిగిన మారణకాండ గురించి చెప్పే పదమూడో శాసనం అక్కడ చెక్కించలేదు. దాని బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. వాటిలో ఒకటి తన ఉద్యోగులకే, నగరంలో న్యాయం చూసే మహామాత్రులకి. ప్రజలంతా నా బిడ్డలు అంటాడు. కారణం లేకుండా జైల్లో పడి నలిగిపోయేవాళ్ళున్నారు, మీరు మధ్యస్థంగా ఉండాలి అంటాడు. తరవాత ఉద్యోగి ఎందుకు విఫలమవుతాడో ఏడు కారణాలు చెప్తాడు. అసూయ, కోపం, కఠినత్వం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట.

ఆ ఏడింటిలో సోమరితనం ఒక్కటే ఉందని గమనించండి. దానికి ముందు కోపమూ కఠినత్వమూ ఉన్నాయి. వీటన్నిటికీ మూలం కోపగించుకోకుండా, తొందరపడకుండా ఉండడమే అని కూడా రాయించాడు. కౌంటరు దగ్గర విసుక్కునే ఉద్యోగి పొద్దుటినుంచి కష్టపడి పని చేస్తూనే ఉండొచ్చు. అయినా అశోకుడి లెక్కలో అతను తప్పాడు. అలసటని కూడా లెక్కలో పెట్టిన రాజు ఆయన. ఇంత పని ఒక్కడి నెత్తిన వేస్తే ఏమవుతుందో ఆయనకి తెలిసినట్టుంది. మాటలతో సరిపెట్టకుండా, ఇది అమలవుతోందో లేదో చూడడానికి అయిదేళ్ళకోసారి కఠినుడు కాని, మెత్తగా ప్రవర్తించే అధికారిని పర్యటనకి పంపుతానని కూడా చెప్పాడు.

ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున అందరికీ చదివి వినిపించాలని అశోకుడు ఆజ్ఞ. మధ్యలో అవకాశం దొరికితే వినేవాడు ఒక్కడున్నా చదవాలని కూడా రాయించాడు. మన పౌర్ణమి సమావేశాల్లో వందనాలయ్యాక ఉద్యోగం చేసేవాళ్ళు పది నిమిషాలు కూర్చుని ఆ ఏడూ పైకి చదువుకుందాం. ఈ నెలలో మన కౌంటరు నుంచి ఎవరిని ఊరికే తిప్పి పంపామో అనుకుందాం. ఆ సమావేశానికే కూలికి వెళ్ళేవాళ్ళు కూడా వస్తారు గదా. మేస్త్రీ పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఒప్పుకున్న కూలీ ఒక నోటు పుస్తకంలో రాసి ఊళ్ళో పెట్టి వెళ్ళే ఏర్పాటు కూడా అక్కడే చేద్దాం. పుస్తకం రాయడానికి చదువుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి.